డెరిక్ హెన్రీకి ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది

మా ఇంట్లో డెరిక్ హెన్రీ పేరు ఎత్తితే ఇక ఆ పూట భోజనాలు సాగవు. మా మరిది ఒక పక్క, నేను ఒక పక్క. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు హెన్రీని మా టీమ్ డాలస్ కౌబాయ్స్ తెచ్చుకోవాల్సిందని నేను, అక్కర్లేదని అతను. 2024 మార్చిలో మొదలైన వాదన ఇది. ఇప్పుడు మళ్ళీ మార్చి వస్తోంది. ఒప్పందం ముగిసిన ఆటగాళ్ళ, అంటే ఫ్రీ ఏజెంట్ల, బేరాలు మొదలవుతాయి, వాటితో పాటు మా వాదన కూడా. ఈసారి నా పక్షం తీరిగ్గా రాసి పెట్టుకుందామని కూర్చున్నాను. మా మరిది ఇది చదువుతాడని తెలుసు కాబట్టి అతను చెప్పేది కూడా ఉన్నదున్నట్టే రాస్తాను.

నేను ఫ్రిస్కోలో ఒక మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్తాను. పుట్టి పెరిగింది ఖమ్మంలో. గుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఫుట్‌బాల్ ఒకటుందని టెక్సాస్ వచ్చాకే తెలిసింది. ఇక్కడ టీచర్‌గా చేరినవాళ్ళు ఈ ఆటకు దూరంగా ఉండటం కష్టం. శుక్రవారం రాత్రి హైస్కూల్ మ్యాచ్ ఉందంటే ఊరు ఊరంతా కదులుతుంది. మా ఫ్రిస్కో పిల్లలకైతే ఇంకో అదృష్టం. డాలస్ కౌబాయ్స్ ఆఫీసు, ప్రాక్టీసు మైదానాలు అన్నీ మా ఊళ్ళోనే, ‘ద స్టార్’ అనే చోట ఉన్నాయి. అక్కడి ఫోర్డ్ సెంటర్‌లో, కౌబాయ్స్ ప్రాక్టీసు చేసే పచ్చిక మీదే, మా స్కూల్ డిస్ట్రిక్ట్ పిల్లలు మ్యాచ్‌లు ఆడతారు. నా క్లాసులో భిన్నాలు రాక బిక్కమొహం వేసుకు కూర్చున్న పిల్లవాడు కొన్నేళ్ళకు అదే మైదానంలో హెల్మెట్ పెట్టుకుని దూసుకుపోతుంటే చూశాను. అప్పటినుంచి ఈ ఆట నాదైంది, కౌబాయ్స్ నా టీమ్ అయింది.

నేనొక్కదాన్నే కాదు. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్, కొప్పెల్, ఎటు చూసినా మనవాళ్ళే. ఆదివారం కౌబాయ్స్ ఓడిందంటే సోమవారం ఆఫీసుల్లో, మంగళవారం హనుమాన్ గుడి ప్రసాదం లైన్లో కూడా అదే మాట. కొత్తగా వచ్చిన అత్తయ్యలు, మామయ్యలు కూడా రెండు నెలలు తిరక్కుండానే ‘ఈ డాక్ ప్రెస్కాట్‌కి అంత డబ్బు ఎందుకమ్మా’ అని అడగడం మొదలుపెడతారు. డాక్ మా టీమ్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆట నడిపించేవాడు.

సంగతిలోకి వస్తాను. 2024 జనవరి 14న ప్లేఆఫ్స్ (సీజన్ చివర జరిగే నాకౌట్ పోటీలు) మొదటి మ్యాచ్‌లో కౌబాయ్స్ సొంత స్టేడియంలో గ్రీన్ బే ప్యాకర్స్ చేతిలో 48–32తో ఓడిపోయింది. స్కోరు చూస్తే పోటాపోటీగా ఆడినట్టు ఉంటుంది గానీ, మొదటి సగంలోనే 27–0 వెనకబడ్డారు. ఆ సీజన్‌లో అంతకుముందు ఇంటి దగ్గర ఒక్క మ్యాచ్ కూడా ఓడని టీమ్ అది. వరసగా మూడేళ్ళు 12 గెలిచి 5 ఓడిన టీమ్. ఏడో సీడ్‌గా, అంటే అర్హత పొందినవాళ్ళలో ఆఖరి స్థానంలో, వచ్చిన టీమ్ ఒకటి ప్లేఆఫ్స్‌లో గెలవడం అదే మొదటిసారి, ఆ గెలుపు మన మీదే. 1996 జనవరి తర్వాత లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మొహం చూడని అభిమానులకు అది ఎలాంటి దెబ్బో చెప్పక్కర్లేదు.

ఆ నెలాఖరున టీమ్ యజమాని జెర్రీ జోన్స్ విలేఖరుల ముందు, ఈ ఏడాది ‘ఆల్ ఇన్’ అన్నారు. ఉన్నదంతా ఒడ్డుతామని ఆయన నోటితో ఆయనే చెప్పారు. మేం నమ్మాం. నమ్మకుండా ఎలా ఉంటాం?

మార్చి వచ్చింది. టీమ్‌లో ప్రధాన రన్నింగ్ బ్యాక్ టోనీ పోలార్డ్ ఒప్పందం ముగిసి టెన్నెసీ టైటన్స్‌కి వెళ్ళిపోయాడు. రన్నింగ్ బ్యాక్ అంటే క్వార్టర్‌బ్యాక్ చేతి నుంచి బంతి అందుకుని ఎదుటివాళ్ళ గుంపులోకి దూరి పరిగెత్తేవాడు. అదే సమయంలో టైటన్స్‌లో ఎనిమిది సీజన్లు ఆడిన డెరిక్ హెన్రీ ఒప్పందం కూడా ముగిసింది. అతను ఫ్రీ ఏజెంట్. అంటే పాత టీమ్‌కి ఒక్క డాలర్ కట్టక్కర్లేదు, బదులుగా ఆటగాడిని ఇవ్వక్కర్లేదు. ఫోన్ తీసి, బేరం కుదుర్చుకుని, సంతకం పెట్టించుకుంటే చాలు.

హెన్రీ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఫ్లోరిడాలో యూలీ అనే చిన్న ఊరివాడు. అలబామా యూనివర్సిటీలో ఉండగా 2015లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికి ఇచ్చేది. అయినా టీమ్‌లు కాలేజీ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2016లో, 45వ పేరు వచ్చేదాకా ఎవరూ పిలవలేదు. అంత పొడుగు మనిషి, దాదాపు 250 పౌండ్ల బరువు, ఇలాంటివాడు రన్నింగ్ బ్యాక్‌గా ఎన్నాళ్ళో నిలవడని అనుకున్నారు. 2020లో 2,027 యార్డులు పరిగెత్తాడు. అతను పరిగెత్తే తీరు చూడాలి. మొదటి రెండడుగులు బరువుగా, తొందర లేనట్టు పడతాయి. సందు కనిపించాక వేగం అందుకుంటాడు. పక్కనుంచి పట్టుకోవడానికి వచ్చినవాడి ఛాతీ మీద అరచెయ్యి పెట్టి ఒక్క తోపు తోస్తాడు. 2020లో బఫెలో మీద ఆడినప్పుడు జాష్ నార్మన్‌ని అలా తోసిన వీడియో మా స్కూల్లో చూడని పిల్లాడు ఉండడు.

ఇంకోటి కూడా ఉంది, ఇది డాలస్‌వాళ్ళకు ప్రత్యేకం. మా లీగ్ ఎన్ఎఫ్ఎల్ చరిత్రలో 99 యార్డుల పరుగు తీసి టచ్‌డౌన్ చేసినవాళ్ళు, అంటే బంతితో అవతలి చివరి గీత దాటినవాళ్ళు, ఇద్దరే. 2018 డిసెంబర్‌లో జాక్సన్‌విల్ మీద డెరిక్ హెన్రీ. అతనికన్నా ముందు, 1983 జనవరి 3న మినెసోటా మీద టోనీ డార్సెట్. ఆ డార్సెట్ కౌబాయ్స్ వాడే. మా పక్కింటి పెద్దాయన ఆ రాత్రి టీవీలో చూశారట. ఆ పరుగు మొదలయ్యేటప్పటికి మైదానంలో పదకొండో ఆటగాడు లేడని, పదిమందితోనే కౌబాయ్స్ అది సాధించిందని ఇప్పటికీ కళ్ళు పెద్దవి చేసి చెప్తారు. ‘డార్సెట్ పక్కన నిలబడగలిగినవాడు ఒక్కడున్నాడు. వాడు ఈ ఊళ్ళోనే కాపురం ఉంటున్నాడు. ఇక వాణ్ణి తెచ్చుకోవడానికేం?’ అని ఆ మార్చిలో ఆయన మా కంచె దగ్గర నిలబడి అడిగారు.

ఈ ఊళ్ళోనే అన్నది నిజం. సీజన్ లేని రోజుల్లో హెన్రీ డాలస్‌లోనే ఉంటాడు, ఇక్కడే కసరత్తు చేస్తాడు. కౌబాయ్స్‌కి ఆడటం తనకూ ఇష్టమేనని, కానీ వాళ్ళు తనని సంప్రదించనే లేదని తర్వాత అతనే చెప్పాడు. బేరం కుదరక వదిలేయడం వేరు. డబ్బు ఎక్కువడిగాడు, మేం ఇవ్వలేకపోయాం అంటే ఒక మాట. ఇక్కడ అసలు బేరమే జరగలేదు. అతను బాల్టిమోర్ రేవెన్స్‌తో రెండేళ్ళకు 16 మిలియన్ డాలర్లకు సంతకం పెట్టేశాడు.

కౌబాయ్స్ ఏం చేసిందంటే, రాయిస్ ఫ్రీమన్ అనే రన్నింగ్ బ్యాక్‌ని తెచ్చుకుంది. ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో ఒక్క రన్నింగ్ బ్యాక్‌ని కూడా తీసుకోలేదు. డ్రాఫ్ట్ అయిపోయాక, ఏడాది ముందు తామే వదిలేసిన ఎజికీల్ ఎలియట్‌ని, మేమంతా జీక్ అని పిలుచుకునేవాణ్ణి, మళ్ళీ పిలిచింది. జీక్ అంటే నాకు ప్రాణం. 2016లో అతను ఆడిన ఆట నేను మర్చిపోలేను. కానీ 2024 నాటికి ఆ కాళ్ళలో ఆ శక్తి లేదని అతన్ని ప్రేమించేవాళ్ళకే బాగా తెలుసు.

ఇక మా మరిది మాటలు. అతను ఒక బ్యాంకులో బడ్జెట్లు చూసే పనిలో ఉన్నాడు. అతని దగ్గర కౌబాయ్స్ జీతాలన్నిటికీ ఒక ఎక్సెల్ షీట్ ఉంటుంది.

‘వదినా, ముప్పై దాటిన రన్నింగ్ బ్యాక్‌కి ఎవరైనా డబ్బు పెడతారా? టెన్నెసీలో 2,030 సార్లు బంతి పట్టుకుని గుద్దులు తిన్న ఒళ్ళు అది. అంతకు ముందు ఏడాది పరుగుకి సగటున నాలుగు యార్డుల చిల్లర. దిగిపోతున్నవాడు వదినా’ అంటాడు.

ఆ రోజుకి ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. రన్నింగ్ బ్యాక్‌ల కెరీర్లు ముప్పై దగ్గర ఎలా కుప్పకూలుతాయో లీగ్ అంతా చూసింది. పైగా మనవాళ్ళ చెయ్యి ఒకసారి కాలింది. 2019లో జీక్‌కి ఆరేళ్ళకు 90 మిలియన్ల ఒప్పందం ఇచ్చి, 2023కల్లా వదిలేసుకోవాల్సి వచ్చింది. పాలు తాగి నోరు కాల్చుకున్న పిల్లి మజ్జిగను కూడా ఊదుకుని తాగుతుందంటారే, కౌబాయ్స్ ఆఫీసు పరిస్థితి సరిగ్గా అదే. కానీ జీక్‌కి ఇచ్చింది ఆరేళ్ళు, హెన్రీ అడిగింది రెండేళ్ళు. ఈ రెండూ ఒకే రిస్కు ఎలా అవుతాయి?

‘సరే, క్యాప్ సంగతి చెప్పండి’ అంటాడు మా మరిది. ఇక్కడే మా ఇద్దరికీ అసలు పేచీ.

క్యాప్ అంటే ఐపీఎల్ వేలంలో పర్సు ఉంటుంది చూడండి, అలాంటి గీత. 2024లో ఒక్కో టీమ్‌కి 255.4 మిలియన్లు. జెర్రీ జోన్స్ కూడా ఆ సీజన్‌లో రేడియోలో ఇదే చెప్పారు, హెన్రీని తెచ్చుకునే స్తోమత మా లెక్కల్లో లేదని. మా మరిది షీట్ తెరుస్తాడు. డాక్ ప్రెస్కాట్ ఒక్కడికే 55 మిలియన్లు పైన. డాక్ విసిరే బంతులు అందుకునే సీడీ ల్యాంబ్‌కి ఐదో ఏడాది ఆప్షన్ (మొదటి ఒప్పందాన్ని టీమ్ ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు) కింద దాదాపు 18 మిలియన్లు. వాళ్ళిద్దరికీ, డిఫెన్స్‌లో స్టార్ మైకా పార్సన్స్‌కీ అప్పటికి కొత్త ఒప్పందాలు రాయాల్సి ఉంది. ‘ఇంటికి మూడు పెద్ద ఈఎంఐలు ఉండగా కొత్త కారు కొంటామా?’ అంటాడు.

లెక్కలు చెప్పుకునే బతుకు నాది, కాబట్టి ఇది గాలికి వదిలేయలేను. రేవెన్స్ హెన్రీకి గ్యారంటీ ఇచ్చింది 9 మిలియన్లు. అందులో సైనింగ్ బోనస్ 7.79, మొదటి ఏడాది జీతం 1.21. క్యాప్ లెక్కలో బోనస్‌ని ఒప్పందం ఎన్నేళ్ళుంటే అన్నేళ్ళకూ సమానంగా పంచుతారు. రెండేళ్ళ ఒప్పందం కాబట్టి 7.79లో సగం, అంటే 3.9 కన్నా ఒక రవ్వ తక్కువ. దానికి 1.21 కలపండి. 2024లో హెన్రీ రేవెన్స్ క్యాప్‌లో తిన్న చోటు దాదాపు 5.1 మిలియన్లు. మొత్తం 255.4లో రెండు శాతం. మా ఏడో క్లాసు పిల్లలు నోటితో చేసే లెక్క ఇది.

అంతకు ముందు ఏడాది ఇదే కౌబాయ్స్ పోలార్డ్‌కి ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఆటగాణ్ణి బయటికి పోనివ్వకుండా ఒక ఏడాది ఆపుకునే పద్ధతి) వేసి ఒక్క సీజన్‌కి 10 మిలియన్లు కట్టింది. అప్పుడు దొరికిన చోటులో సగం ఇప్పుడు దొరకలేదంటే నేనెలా ఒప్పుకుంటాను?

ఇంకా పెద్ద విషయం వేరే ఉంది. డాక్‌కి కొత్త ఒప్పందం ఎప్పుడు ఇచ్చారు? సెప్టెంబర్ 8న, క్లీవ్‌లాండ్‌లో మొదటి మ్యాచ్ మొదలవడానికి కొన్ని గంటల ముందు. నాలుగేళ్ళకు 240 మిలియన్లు. ల్యాంబ్‌కి ఆగస్టు 26న, అతను ట్రైనింగ్ క్యాంప్ మొత్తం ఎగ్గొట్టాక. నాలుగేళ్ళకు 136 మిలియన్లు. ఎలాగూ ఇవ్వక తప్పని ఒప్పందాలు ఇవి. డాక్ సంతకం పడగానే ఆ ఏడాదికి అతని క్యాప్ భారం తగ్గింది, ఎందుకంటే కొత్త బోనస్ ముందున్న ఏళ్ళకు పంచుకుపోయింది. అదే సంతకం మార్చిలో పడి ఉంటే ఆ చోటు మార్చిలోనే ఖాళీ అయ్యేది. బజారులో హెన్రీ ఉన్నప్పుడు మన జేబు కట్టేసి ఉంది, కట్టుకున్నది మనమే. సెప్టెంబర్‌లో జేబు విప్పేసరికి బజారు మూసేశారు. దాన్ని స్తోమత లేకపోవడం అని నేను అనను. పని వాయిదా వేయడం అంటాను. హోంవర్క్ ఆదివారం రాత్రి పదింటికి మొదలుపెట్టి ‘టైమ్ చాలలేదు మిస్’ అనే పిల్లలకు నేను చెప్పే జవాబే జెర్రీగారికీ చెప్తాను.

మా మరిది దీనికి ఒప్పుకోడు. మార్చిలో డాక్ అడిగిన ధర వేరు, బేరం ఇద్దరి చేతుల్లోనూ ఉంటుంది, ఒక పక్కవాళ్ళనే తప్పు పట్టకూడదు అంటాడు. అందులో కొంత న్యాయం ఉంది. కొంతే.

2024 సెప్టెంబర్ 22. రేవెన్స్ మా కౌబాయ్స్ స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్ వచ్చింది. మేం ముగ్గురం పార్టీ పాస్ టికెట్లు తీసుకుని మైదానం చివర ఎండ్‌జోన్ వెనక అరుగు మీద నిలబడి చూశాం. కుర్చీ ఉండదు, తక్కువ ధర, ముందొచ్చినవాళ్ళకు కమ్మీ దగ్గర చోటు. అంతకు ముందు వారమే న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ ఇదే మైదానంలో 44–19తో చితక్కొట్టి వెళ్ళింది, వాళ్ళ రన్నింగ్ బ్యాక్ ఆల్విన్ కమారా నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. కాబట్టి అందరికీ టెన్షన్‌గానే ఉంది.

నా పక్కన నిలబడ్డాయన ఎమిట్ స్మిత్ పాత జెర్సీ వేసుకున్నాడు. నెంబర్ 22, ఉతికి ఉతికి తెలుపు కాస్తా పాలిపోయింది. హెన్రీ నెంబర్ కూడా 22. మన ఎమిట్ ఈ ఆటలోనే అందరికన్నా ఎక్కువ యార్డులు పరిగెత్తినవాడు, 18,355. ఆ జెర్సీ వేసుకున్న మనిషి ముందు ఇంకో 22 మన డిఫెన్స్‌ని చీల్చుకుంటూ పోతున్నాడు. మనవాళ్ళు అతని నడుం పట్టుకున్నారు, భుజం పట్టుకున్నారు. పట్టుకున్నవాళ్ళని కూడా మోసుకుని రెండు మూడు యార్డులు ముందుకు పడేవాడు. రెండో సగానికి వచ్చేసరికి మన కుర్రాళ్ళు అతనికి ఎదురుగా వెళ్ళడం తగ్గించి పక్కనుంచి కాళ్ళకు అడ్డం పడటం మొదలుపెట్టారు. అంత దగ్గర్నుంచి చూస్తే భయం ఎలా ఉంటుందో తెలుస్తుంది. హెన్రీ 25 పరుగులు, 151 యార్డులు, రెండు టచ్‌డౌన్లు. స్కోరు 28–6 అయినప్పుడు జనం మెట్లు దిగి కార్ల దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఎమిట్ జెర్సీ ఆయన మాత్రం కదల్లేదు. ‘ఇతను నా ఇంటికి పావుగంట దూరంలో ఉంటాడమ్మా’ అన్నాడు, అంతే.

చివరి క్వార్టర్‌లో మనవాళ్ళు 19 పాయింట్లు చేసి 28–25 దాకా లాక్కొచ్చారు. గొంతు పోయేలా అరిచాం. అయినా ఓటమి ఓటమే. మూడు పాయింట్ల తేడా. తిరిగొచ్చేటప్పుడు కారులో మా మరిది స్టీరింగ్ పట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. ఫ్రిస్కో ఎగ్జిట్ దగ్గర మాత్రం, ‘వదినా, అది లామార్ వల్ల’ అన్నాడు.

అతని వాదనల్లో బలమైనది ఇదేనని నేను ఒప్పుకుంటాను. రేవెన్స్ క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్ బంతిని హెన్రీ పొట్ట దగ్గర పెట్టి, ఇవ్వాలా లాగేసుకుని తానే పరిగెత్తాలా అని చివరి క్షణంలో నిర్ణయించుకుంటాడు. డిఫెన్స్ అంచున ఉన్నవాడు ఇద్దరిలో ఎవరి వెంట పడాలో తెలియక ఒక్క క్షణం ఆగిపోతాడు. ఆ ఒక్క క్షణమే హెన్రీకి కావాల్సింది. ఆ సీజన్‌లో అతను పరుగుకి 5.9 యార్డుల సగటుతో 1,921 యార్డులు, 16 టచ్‌డౌన్లు చేశాడంటే అందులో లామార్ వాటా చాలా ఉంది. డాక్ అలాంటి ఆటగాడు కాదు. పైగా ఆ ఏడాది మన ఆఫెన్సివ్ లైన్ నుంచి టైరన్ స్మిత్ న్యూయార్క్ జెట్స్‌కి, టైలర్ బియాడాష్ వాషింగ్టన్‌కి వెళ్ళిపోయారు. వాళ్ళ చోట్లలో కొత్త కుర్రాళ్ళు. దారి వేసేవాళ్ళు లేకుండా హెన్రీ అయినా ఏం చేస్తాడు? డాలస్‌లో అతను 1,921 చేసేవాడని నేను ఎప్పుడూ అనలేదు. 1,200 చేసేవాడేమో. నవంబర్ మొదట్లో అట్లాంటాలో డాక్ తొడ కండరం చిరిగి సీజన్ పోయింది, చివరికి మనం 7 గెలిచి 10 ఓడాం. హెన్రీ ఉన్నా ఇంకో రెండు గెలిచేవాళ్ళం, సూపర్ బౌల్ మాత్రం కాదు. హెన్రీ ఉన్న రేవెన్స్ కూడా బఫెలోలో 27–25తో ఓడి ఇంటికెళ్ళింది.

ఇదంతా ఒప్పుకున్నాక కూడా నా కోపం ఒక్క రవ్వ తగ్గదు.

ఎందుకంటే మార్చిలో ఇవేవీ ఎవరికీ తెలియవు. మార్చిలో మనకు తెలిసింది ఇంతే: మన రన్నింగ్ బ్యాక్ వెళ్ళిపోయాడు, ఆ చోటు ఖాళీ. లీగ్‌లోకెల్లా పేరున్న రన్నింగ్ బ్యాక్ మన ఊళ్ళో ఉంటున్నాడు, మన టీమ్‌కి ఆడాలని అతనికీ ఉంది, మరీ ఎక్కువ అడగడం లేదు. యజమాని ఆల్ ఇన్ అన్నాడు. ఇన్ని కలిసొచ్చినప్పుడు ఫోన్ చేసి, ‘అయ్యా, నీకెంత కావాలి, మా దగ్గర ఇంత ఉంది’ అని అడగడానికి క్యాప్‌లో ఒక్క డాలర్ కూడా ఖర్చు కాదు. అడిగి వద్దనుకుంటే అది నిర్ణయం. అడగకపోతే అది నిర్లక్ష్యం. అభిమానులు ఓటమిని ఓర్చుకుంటారు, ముప్పై ఏళ్ళుగా అదేగా చేస్తున్నాం. ప్రయత్నం లేకపోవడాన్ని మాత్రం నేను ఓర్చుకోలేను.

దానికి తోడు ఆ ఏడాది రన్నింగ్ బ్యాక్‌ల బజారు ఎలాంటిదో చూడండి. సేక్వాన్ బార్క్‌లీని మన పగవాళ్ళు ఫిలడెల్ఫియా ఈగల్స్ పట్టుకుపోయారు. అతను 2,005 యార్డులు పరిగెత్తాడు, ఈగల్స్ 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచింది. జాష్ జేకబ్స్‌ని ప్యాకర్స్ తీసుకుంది, జనవరిలో మనల్ని మన ఇంట్లోనే కొట్టిన ప్యాకర్స్. రన్నింగ్ బ్యాక్‌ల మీద డబ్బు పెట్టడం దండగ అనే సిద్ధాంతాన్ని ఆ ఒక్క సీజన్ మట్టి కరిపించింది. మిగతా టీమ్‌లు బజారుకి సంచులతో వెళ్ళాయి. మనం వెళ్ళలేదు.

మా మరిది దగ్గర ఇంకో పేరుంది, రికో డౌడల్. డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవని కుర్రవాడు. 2020 నుంచి బెంచి మీద ఓపికగా కూర్చున్నాడు. 2024లో ప్రధాన రన్నింగ్ బ్యాక్ పని అతనికి అప్పగించాక 1,079 యార్డులు చేశాడు. ‘చూశారా వదినా, ఇంట్లోనే ఉన్నాడు, చవగ్గా వచ్చాడు. హెన్రీ వచ్చి ఉంటే ఇతనికి ఆ అవకాశం వచ్చేదా?’ అంటాడు. రాదు. ఒప్పుకుంటాను. డౌడల్ ఎదగడం చూసి నేనూ సంతోషించాను. కానీ ఆ డౌడల్‌ని ఏం చేశారు? ఆ సీజన్ అయిపోగానే వదిలేశారు. కరోలైనా ప్యాంథర్స్‌కి వెళ్ళాడు. 2025 అక్టోబర్ 12న షార్లట్‌లో మన మీదే 183 యార్డులు పరిగెత్తాడు, మనం 30–27తో ఓడిపోయాం. హెన్రీ అయితే మనం తెచ్చుకోనివాడు. డౌడల్ మన చేతుల్లో పెరిగినవాడు. ఇద్దరూ మన మీదే పరిగెత్తారు, రెండుసార్లూ మూడేసి పాయింట్ల తేడాతోనే ఓడాం. ఆ సాయంత్రం మా మరిదికి నేను ఫోన్ చేయలేదు. తనే చేశాడు, చేసి వాళ్ళ పాప స్కూల్ ప్రాజెక్టు గురించి మాట్లాడాడు.

నిజాయితీగా చెప్పాలంటే 2025లో జవాంటె విలియమ్స్‌ని తెచ్చుకోవడం మంచి పని. డెన్వర్‌లో మోకాలి గాయం నుంచి లేచి, పాత వేగం పోయిందని అనిపించుకున్న కుర్రాణ్ణి ఏడాది ఒప్పందంతో తక్కువ ధరకు తెచ్చారు. అతను వెయ్యి యార్డులు దాటాడు. మా మరిది దీన్ని తన గెలుపుగా రాసుకుంటాడు. నా మటుకు నాకు అది నా వాదనకే సాక్ష్యం. ఫ్రీ ఏజెంట్‌కి ఫోన్ చేశారు, వచ్చాడు, పనిచేసింది.

మా పక్కింటి పెద్దాయన మాట వేరు. ఆయనకు మా లెక్కల మీద ఆసక్తి లేదు. జెర్రీ జోన్స్ 1989లో టీమ్ కొన్నప్పటినుంచి యజమానీ ఆయనే, జనరల్ మేనేజరూ ఆయనే. వేరే టీమ్‌లో అయితే ఇలాంటి మార్చి తర్వాత యజమాని మేనేజర్‌ని కూర్చోబెట్టి, హెన్రీకి ఎందుకు ఫోన్ చేయలేదని అడుగుతాడు. ఇక్కడ ఎవరిని ఎవరు అడగాలి? మా మరిదీ నేనూ ఒక మాట మీద నిలబడేది ఇక్కడే. మన టీమ్ చివరగా గెలిచిన మూడు సూపర్ బౌల్స్ కూడా ఆయన హయాంలోనివేనని మా మరిది గుర్తుచేస్తాడు గానీ, అడిగేవాడు లేని కుర్చీ మంచిది కాదన్న దగ్గర మాత్రం తల ఊపుతాడు.

హెన్రీకి రేవెన్స్ 2025 మేలో ఇంకో రెండేళ్ళకు 30 మిలియన్ల ఒప్పందం ఇచ్చింది. దిగిపోతున్నాడన్న మనిషికి అంతకు ముందు ఇచ్చినదానికి దాదాపు రెట్టింపు. ఆ వార్త వచ్చిన రోజు మా మరిది షీట్‌లో ఒక కొత్త గడి చేర్చాడు, ‘ముప్పై దాటినవాళ్ళు, మినహాయింపులు’ అని. అందులో ఇప్పటికి ఒక్క పేరే ఉంది. ఇంకొన్ని పేర్లు నేను ఇస్తానని చెప్పాను. ఈ మార్చిలో ఎవరెవరి ఒప్పందాలు ముగుస్తున్నాయో, ఎవరికి ఎంత బోనస్ ఇస్తే మొదటి ఏడాది క్యాప్ ఎంత పడుతుందో వరసగా రాసుకుంటున్నాను. ఉగాదికి భోజనాలు మా ఇంట్లోనే. బొబ్బట్లు మా తోడికోడలు చేస్తానంది, ల్యాప్‌టాప్ మా మరిది తెచ్చుకుంటాడు.